నొప్పి గోలీనా, నొప్పి జెల్లా: మోకాలికి రాసిన మందు లోపల ఎంత పని చేస్తది

క్లుప్తంగా

డైక్లోఫెనాక్ లాంటి వాపు తగ్గించే మందును గోలీగా మింగితే ఒళ్లంతా తిరుగుతది. అదే మందును జెల్లుగా రాస్తే ఎక్కువ భాగం రాసిన చోటనే ఉంటది, ఒక మోకాలికి రాస్తే రక్తంలోకి చేరేది గోలీతో పోలిస్తే దాదాపు 6 శాతమే. అందుకే కడుపు మీద, కిడ్నీల మీద భారం బాగా తక్కువ. మోకాలు, చేతివేళ్లు, చీలమండ, బెణుకు, కండ పట్టేసుడు లాంటి వాటికి జెల్లు పనికొస్తది. తుంటి, నడుము, నరం నొప్పి, ఫ్లోరైడ్‌తో గట్టిపడ్డ ఎముకల దగ్గర దానికి పెద్దగ పని లేదు. రాసినా తగ్గలేదు అనేటోళ్లల్ల చాలామంది చాలినంత రాయలేదు, చాలినన్ని రోజులు రాయలేదు. చల్లగ తగిలే బాము, వాపు తగ్గించే జెల్లు రెండూ ఒకటి కాదు.

కౌంటర్ మీదికి మూడు వస్తయ్

దేవరకొండలనో నాగర్‌కర్నూల్‌లనో జడ్చర్లలనో బస్టాండు పక్క మెడికల్ షాపు ముంగట పొద్దుమూకినంక కాసేపు నిలబడితే ఒకటే మాట మళ్ల మళ్ల వినపడతది, "మోకాళ్లు గుంజుతున్నయ్ అన్నా, జర మంచి గోలీ ఇయ్యి". కౌంటర్ మీదికి మూడు వస్తువులు వస్తయ్. ఏసిక్లోఫెనాకో డైక్లోఫెనాకో పారాసెటమాల్‌తో కలిపిన గోలీల పట్టీ ఒకటి, దానికి తోడు గ్యాస్ గోలీ ఒకటి, పైన రాసుకోవడానికి ట్యూబు ఒకటి. గోలీ ఆ రాత్రే మింగుతరు. గ్యాస్ గోలీ ఒకసారి గుర్తుంటది, ఒకసారి ఉండదు. ట్యూబు మాత్రం రెండు రోజులు చిటికెడు చిటికెడు రాసి "దీంతోని ఏం కాలే" అని గూట్లె పెట్టేస్తరు, ఆర్నెల్ల తర్వాత ఇంట్ల ఎవరికన్న కాలు బెణికినప్పుడు మళ్ల బయటికొస్తది.

ఇక్కడ గమనించాల్సింది ఏందంటే గోలీలో ఉన్న మందు, ట్యూబులో ఉన్న మందు చాలాసార్లు ఒకటే. డైక్లోఫెనాక్ మింగితే బలమైన మందు, రాస్తే ఉత్త పూత అనే అభిప్రాయం ఎట్ల వచ్చిందో చూడాలంటే ఆ మందు శరీరంలో చేసే పని, అది పోయే దారి రెండూ చూడాలె.

ఈ దక్షిణ తెలంగాణ జిల్లాల్లో నొప్పులకు కారణాలు కూడ ఒక తీరుగ లేవు. నాట్లు వేసేటోళ్లు, పత్తి ఏరేటోళ్లు రోజంతా వంగి ఉంటరు, వాళ్లకు నడుము, పిక్కలు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్ల హమాలీలకు మెడ, జబ్బ, మోకాళ్లు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేటల మగ్గం గుంతల కూసొని కాళ్లతో తొక్కేటోళ్లకు మోకాళ్లు, చీలమండలు. తాళ్లెక్కే గీత కార్మికులకు ముంజేయి, పాదాలు. పాలమూరు నుంచి వలసపోయి మట్టిపని, సెంట్రింగ్ పని చేసొచ్చినోళ్లకు యాభై ఏళ్లు నిండకముందే కీళ్లు అరుగుతయ్. నొప్పి ఎక్కడున్నది, తోలుకు ఎంత లోతుల ఉన్నది అనేదాన్ని బట్టి జెల్లు పనిచేసుడు ఆధారపడి ఉంటది కాబట్టి ఈ తేడాలు లెక్కలోకి వస్తయ్.

వాపు పుట్టేది ఎట్ల, మందు అడ్డుపడేది ఎక్కడ

కండకో కీలుకో దెబ్బ తగిలితే, లేదా కీలులో మెత్తటి గుజ్జు అరిగి ఎముక రాపిడి పెరిగితే అక్కడి కణాల పొరల్లోంచి ఒక కొవ్వు ఆమ్లం విడుదలయితది. సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్, పొట్టిగ కాక్స్ అంటరు, దాన్ని ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తది. ఈ ప్రోస్టాగ్లాండిన్లు రక్తనాళాలను వెడల్పు చేస్తయ్ కాబట్టి ఆ చోటు వేడెక్కి ఉబ్బుతది, నొప్పి నరాల చివర్లను కూడ సున్నితం చేస్తయ్ కాబట్టి మామూలుగ నొప్పి అనిపించని కదలిక కూడ నొప్పి అయితది. మెట్టు దిగేటప్పుడు మోకాలు కలుక్కుమనేది ఇందుకే.

ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, పైరాక్సికామ్ ఇవన్నీ ఈ కాక్స్‌ను అడ్డుకునే మందులే. ఈ సంగతిని 1971లో జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తేల్చిండు, దానికి 1982లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

చిక్కు ఎక్కడొస్తదంటే ప్రోస్టాగ్లాండిన్లు ఒక్క మోకాలిలోనే ఉండవు. కడుపులో యాసిడ్ నుంచి లోపలి పొరను కాపాడే జిగురు తయారయ్యేది వాటితోనే. ఒంట్ల నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి పోయే సన్న రక్తనాళం మూసుకపోకుండ తెరిచి పెట్టేది కూడ అవే. గోలీ మింగితే మందు రక్తంలో కలిసి అన్ని చోట్లకు పోతది, మోకాలిలో వాపు తగ్గించేటప్పుడే కడుపులో కాపలా కూడ తీసేస్తది. నెలల తరబడి నొప్పి గోలీలు వాడినోళ్లకు కడుపుల పుండ్లు పడుడు, నల్లగ విరేచనం అయ్యుడు, కాళ్ల వాపులు వచ్చుడు, బీపీ పెరుగుడు అన్నీ ఈ ఒక్క కారణంతోనే. నోటితో తీసుకునే డైక్లోఫెనాక్‌తో గుండెపోటు ముప్పు కూడ పెరుగుతదని 2013 నాటికి పెద్ద విశ్లేషణలు చూపించినయ్, యూరప్ మందుల సంస్థ అదే సంవత్సరం గుండె జబ్బు ఉన్నోళ్లు దాన్ని వాడొద్దని చెప్పింది.

ఊర్లల్ల ఇంకో నమ్మకం ఉన్నది, "గోలీ అయితే కడుపుల మంట, సూది అయితే ఏం కాదు" అని. ఇది తప్పు. సూదిలో డైక్లోఫెనాక్ నోరు, కడుపు దాటేసి నేరుగ రక్తంలోకి పోతది నిజమే, కానీ కడుపు పొరను దెబ్బతీసేది ముఖ్యంగ లోపలినుంచి రక్తం ద్వారా వచ్చిన మందే. కిడ్నీ సంగతి అయితే గోలీకి సూదికి తేడానే లేదు. సూదిలో గాని పొట్లం మందులో గాని డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటే కడుపు పుండు ముప్పు ఇంకా పెరుగుతది, నొప్పి మాత్రం ఒక్క పూటకే మాయమైనట్టు ఉంటది కాబట్టి ఆ సూది వేసినాయన చేతి వాసి మంచిదని పేరు పడతది.

తోలు దాటుడు అంత సులువు కాదు

మన తోలు పై పొర, చచ్చిన కణాలు కొవ్వుతో అతుక్కొని గోడ కట్టినట్టు ఉంటది. చాలా చోట్ల దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడ ఉండదు, అయినా చాలా మందులను లోపలికి రానియ్యదు. అరచేతిలో, మడమలో ఈ పొర చాలా మందంగ ఉంటది కాబట్టి మడమ నొప్పికి జెల్లు రాస్తే లోపలికి పోయేది ఇంకా తక్కువ. ఈ గోడ దాటాలంటే అణువు చిన్నగ ఉండాలె, కొవ్వులో కొంత నీళ్లలో కొంత కరగాలె. డైక్లోఫెనాక్ అణువు సైజు దానికి సరిపోతది, అయితే ఉత్త పొడి రాస్తే పోదు కాబట్టి జెల్లులో ఆల్కహాల్, నూనె కలిపి తయారు చేస్తరు.

ట్యూబు వెనక సన్న అక్షరాల్లో "డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం" అని ఉంటది. ఇది చూసి కొందరు 1 శాతం రాసి ఉన్న జెల్లు కంటే ఇది బలమైనది అనుకుంటరు. 1.16 శాతం డైఇథైలమైన్ లవణంలో ఉండేది 1 శాతం డైక్లోఫెనాక్ సోడియంతో సమానమైన మందే, లెక్క రాసే పద్ధతి వేరు, మందు అంతే.

గోడ దాటిన మందు తోలులో కొంత నిలవ ఉంటది, అక్కడినుంచి మెల్లగ కింది కండకు, కీలు చుట్టూ ఉండే పొరకు దిగుతది. అమెరికాలో ఈ జెల్లుకు అనుమతి ఇచ్చినప్పుడు లెక్క కట్టింది ఏందంటే ఒక మోకాలికి రోజుకు 16 గ్రాములు రాస్తే రక్తంలోకి చేరే మందు గోలీతో చేరేదాంట్లో దాదాపు 6 శాతం. నాలుగు కీళ్లకు కలిపి 48 గ్రాములు రాస్తే అది దాదాపు 20 శాతానికి పోతది. అంటే ఎక్కువ చోట్ల పూసుకునే కొద్దీ జెల్లు కూడ గోలీ లెక్కనే ఒళ్లంతా తిరుగుడు మొదలుపెడతది. "పై పూతే కదా" అని మెడ నుంచి మడమ దాకా రుద్దుకునేటోళ్లకు ఈ అంకె తెల్వాలె.

మోకాలు ముందు భాగంలో తోలుకు కీలుకు మధ్య కండ చాలా తక్కువ, వేళ్ల కీళ్లు, చీలమండ కూడ అంతే. తుంటి కీలు మీద అరచేయి మందం కండ ఉంటది, వెన్నుపూసల సంగతి కూడ అదే. అందుకే అమెరికా లేబుల్ మీద ఈ జెల్లును వెన్నుకు, తుంటికి, భుజానికి పరీక్షించలేదని రాసి ఉంటది. ఇక్కడ జెల్లు ఎక్కువగ కొనేది మాత్రం నడుం నొప్పికే. పని చేయలేదనే మాట ఎక్కువగ పుట్టేది కూడ అక్కడినుంచే.

పరీక్షల్ల ఎంతమందికి తగ్గింది

కాక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఈ మందుల మీద జరిగిన పరీక్షలన్నీ ఒక్కచోట చేర్చి లెక్క కట్టింది. బెణుకు, కండ గుంజుడు లాంటి కొత్త దెబ్బల్లో ఒక రకం డైక్లోఫెనాక్ జెల్లు వాడినోళ్లల్ల వందకు 78 మందికి వారం రోజుల్లోపు నొప్పి సగమన్న తగ్గింది, మందు లేని ఉత్త జెల్లు రాసినోళ్లల్ల 20 మందికే తగ్గింది. ఇది చాలా పెద్ద తేడా, నోటి మందుల్లో కూడ ఇంత తేడా ఎప్పుడో గాని కనపడదు. ఈ 2015 విశ్లేషణను 2016లో మొండి నొప్పుల మీద, అంటే మోకాలి అరుగుదల మీద చేసిన విశ్లేషణతో పోలిస్తే బొమ్మ మారుతది. అక్కడ ఆరు వారాలు, అంతకంటే ఎక్కువ వాడినంక డైక్లోఫెనాక్‌తో వందకు 60 మందికి, ఉత్త జెల్లుతో 50 మందికి తగ్గింది. కీటోప్రొఫెన్ జెల్లుతో 63, ఉత్త జెల్లుతో 48.

ఉత్త జెల్లు రాసినోళ్లల్ల కూడ సగం మందికి తగ్గుడు ఎట్ల అని అడగొచ్చు. రోజుకు మూడు నాలుగు సార్లు మోకాలిని మెల్లగ రుద్దుకుంటరు, ఆ కాసేపు కూసుంటరు, నొప్పి కూడ కొన్ని రోజులు ఎక్కువ కొన్ని రోజులు తక్కువ ఉండే రకం, ఇవన్నీ కలిసి పని చేస్తయ్. దాని మీద మందు అదనంగ కొందరికే సాయం చేస్తది, పది మంది వాడితే ఒక్కరికి మందు వల్ల అదనంగ లాభం అన్నట్టు. తక్కువే అనిపిస్తది గాని ఆ లాభానికి కట్టే ధర, అంటే శరీరానికి అయ్యే నష్టం, గోలీ కంటే చాలా తక్కువ కాబట్టి త్రాసు జెల్లు వైపు మొగ్గుతది. మోకాలి అరుగుదలకు గోలీని, పై మందును పక్కపక్కన పెట్టి చూసిన పరీక్షల్ల నొప్పి తగ్గుడులో రెండింటికీ పెద్ద తేడా రాలేదు, కడుపు ఇబ్బందులు గోలీ వాళ్లకు ఎక్కువ, తోలు ఎండిపోయి దురద పెట్టుడు రాసుకున్నోళ్లకు ఎక్కువ.

అందుకే 2019లో అమెరికా కీళ్ల డాక్టర్ల సంఘం మోకాలి అరుగుదలకు పై మందును గట్టిగ సిఫారసు చేసింది. 2020లో అక్కడి ఫిజీషియన్ల సంఘాలు నడుము తప్ప మిగతా చోట్ల కొత్త దెబ్బలకు మొదటి మందు ఇదే కావాలె అన్నయ్. బ్రిటన్ మార్గదర్శకాలు కూడ మోకాలికి ముందు రాసే మందు, అది చాలకపోతేనే గోలీ అంటయ్. మన దగ్గర అలవాటు దీనికి సరిగ్గ తలకిందులు.

చల్లగ అనిపించేది వేరు, వాపు తగ్గించేది వేరు

మిరపకాయలు ఏరే కూలోళ్ల చేతులు రాత్రంతా మండుతుంటయ్, చన్నీళ్లల్ల పెట్టినా తగ్గదు. చేయి నిజంగ కాలలేదు, బొబ్బ రాలేదు, అయినా మంట. మిరపలో ఉండే క్యాప్సైసిన్ తోలు నరాల్లో వేడిని పసిగట్టే తలుపును తెరిచేస్తది, మెదడుకు "కాలుతున్నది" అనే కబురు పోతది. డేవిడ్ జూలియస్ బృందం ఆ తలుపును 1997లో గుర్తించింది, 2021 నోబెల్ దానికే. మెంథాల్ అట్లనే చలిని పసిగట్టే ఇంకో తలుపును తెరుస్తది, ఒంటి వేడి తగ్గకున్నా చల్లగ అనిపిస్తది.

బాములు పనిచేసేది ఈ దారిలనే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిల అమృతాంజన్ మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగిళ్లల్ల నొప్పి అంటే బాము, బాము అంటే ఘాటు. మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం, గంధపుర తైలం ఇవన్నీ నరాలకు వేరే కబురు పంపి అసలు నొప్పి కబురును కాసేపు మరిపిస్తయ్. ఇది మోసం కాదు, తలనొప్పికి పట్టేసిన మెడకు ఆ కాసేపే చాలు. కానీ మోకాలి వాపు మీద వాటి ప్రభావం వేరు, ఘాటు తగ్గితే ఊరట కూడ తగ్గుతది.

ఇబ్బంది ఏందంటే మన మార్కెట్ల చాలా జెల్లుల్లో రెండూ కలిపి ఉంటయ్, డైక్లోఫెనాక్ 1.16 శాతం, గంధపుర తైలంలో ఉండే మిథైల్ శాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం, అవిసె నూనె 3 శాతం. రాయంగనే చల్లగ తగిలేది మెంథాల్, డైక్లోఫెనాక్‌కు ఏ అనుభూతీ ఉండదు. కాబట్టి ఉత్త డైక్లోఫెనాక్ జెల్లు కొన్నోళ్లు "ఇది నకిలీది, ఘాటే లేదు" అంటరు, ఘాటున్నది కొన్నోళ్లు ఘాటు పోంగనే మందు పని అయిపోయిందనుకుంటరు. రెండూ పొరపాటే. ట్యూబు ముందున్న పెద్ద పేరు కాకుండ వెనక ఉన్న మందు పేరు చూడాలె, ఒకే బ్రాండు పేరు మీద ఆయుర్వేద క్రీము, డైక్లోఫెనాక్ జెల్లు రెండూ అమ్మే పద్ధతి ఉన్నది.

బాము రాసి ఇటుక పెళ్ల కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టుడు, ఉప్పు మూట పెట్టుడు ఇక్కడ చాలా ఇళ్లల్ల అలవాటు. వేటికవి వేరుగ చేస్తే మంచివే. కలిపి చేస్తే తోలు నిజంగనే కాలుతది, ఎందుకంటే మెంథాల్ చల్లదనం వల్ల వేడి ఎంతున్నదో తెలువదు, వేడి వల్ల మందు తోలులోకి ఇంకా ఎక్కువ గుంజుకపోతది. మెంథాల్, మిథైల్ శాలిసిలేట్ ఉన్న పూతలతో వచ్చిన కాలిన గాయాల గురించి అమెరికా మందుల సంస్థ 2012లోనే హెచ్చరిక ఇచ్చింది. గంధపుర తైలం సీసా పిల్లలకు అందకుండ పెట్టుడు ఇంకా ముఖ్యం, అది దాదాపు మొత్తం మిథైల్ శాలిసిలేటే, ఒక టీ చెంచా మింగితే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్ మింగినట్టు, చిన్న పిల్లల ప్రాణానికే ముప్పు. రక్తం పలచబడే వార్ఫారిన్ గోలీ వాడేటోళ్లకు ఈ పూతలు ఎక్కువ రాస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతది.

చిటికెడు రాస్తే చాలదు

జెల్లు మీద నమ్మకం పోవడానికి అసలు కారణం కొలత. పరీక్షల్ల మోకాలికి వాడింది ఒక్కోసారి 4 గ్రాములు, రోజుకు నాలుగు సార్లు. చేతి కీళ్లకైతే 2 గ్రాములు. 4 గ్రాములంటే ఎంత అని చూపెట్టడానికి అమెరికాల ట్యూబుతో పాటు ఒక కార్డు ఇస్తరు, దాని మీద నాలుగున్నర అంగుళాల గీత ఉంటది, ఆ గీత నిండ జెల్లు పిండి మోకాలు చుట్టూ, ముందు వెనక పక్కలకు రాయాలె. ఇంటి లెక్కల చెప్పాలంటే చూపుడు వేలు కొన నుంచి మొదటి గీత దాకా పిండితే దాదాపు అర గ్రాము, అట్లాంటివి ఎనిమిది. ఇక్కడ చాలామంది రాసేది శనగ గింజంత.

ఈ లెక్కన ఒక్క మోకాలికే రోజుకు 16 గ్రాములు. 30 గ్రాముల ట్యూబు రెండు రోజులు కూడ రాదు, రెండు మోకాళ్లకైతే ఒక్క రోజే. అదే ట్యూబును నెలంతా సర్దుకునేటోళ్లు రోజుకు గ్రాము చొప్పున రాస్తున్నరన్నమాట, అంటే పరీక్షల్ల పనిచేసిన మోతాదులో పదహారో వంతు. బ్రిటన్‌లో చెప్పే మోతాదు 2 నుంచి 4 గ్రాములు, రోజుకు మూడు నాలుగు సార్లు, అది కూడ మన వాడకం కంటే చాలా ఎక్కువే. నిండు మోతాదులో వాడితే ట్యూబుల ఖర్చు గోలీల ఖర్చును ఎన్నో రెట్లు దాటుతది, రోజు కూలీ మీద బతికేటోళ్లు గోలీ వైపే పోవడం తెలివితక్కువ పని కాదు, జేబు చెప్పిన లెక్క. కడుపు పుండు, కిడ్నీ జబ్బు ఖర్చు ఆ లెక్కలో కనపడదు, అది ఐదేళ్ల తర్వాత వేరే బిల్లుగ వస్తది. జనరిక్ పేరుతో అమ్మే ఉత్త డైక్లోఫెనాక్ జెల్లు అడిగి తీసుకుంటే ఖర్చు కొంత దిగుతది, ఘాటు ఉండదు గాని మందు అదే.

రోజుల లెక్క కూడ ఉన్నది. మొండి మోకాలి నొప్పికి జెల్లు ప్రభావం తెలియడానికి వారం పట్టొచ్చు. రెండు రోజులకు ఆపేస్తే అది పరీక్షే కాదు. రాసినంక గంట దాకా ఆ చోట నీళ్లు పోయొద్దు, బట్ట తగలకుండ పది నిమిషాలు ఆరనియ్యాలె, ప్లాస్టిక్ గిట్ల చుట్టొద్దు. పొలం నుంచి వచ్చి చెమట, దుమ్ము మీదనే రాసేకంటే కడుక్కొని తుడిచి రాస్తే లోపలికి పోతది. గట్టిగ పిసికి రుద్దే పని లేదు, కొత్త బెణుకును అట్ల రుద్దితే వాపు పెరుగుతది కూడ. చేతులకు రాయకపోతే రాసిన తర్వాత చేతులు కడుక్కోవాలె, కంట్లో పడితే మంట.

ఈ జిల్లాల్లో కిడ్నీ లెక్క

గోలీకి జెల్లుకు తేడా ఎక్కడైనా ముఖ్యమే గాని దక్షిణ తెలంగాణలో ఇంకొంచెం ఎక్కువ ముఖ్యం. మే నెలల ఎండ 44, 45 డిగ్రీలకు పోతది, ఉపాధి హామీ పనికో ఇటుక బట్టీకో పోయినోళ్లకు ఒంట్ల నీళ్లు తగ్గుతయ్. ఆ సమయంలో కిడ్నీకి రక్తం అందేటట్టు చూసేది పైన చెప్పిన ప్రోస్టాగ్లాండిన్లే. సాయంత్రం ఒళ్లు నొప్పులకు మింగిన గోలీ సరిగ్గ వాటినే ఆపేస్తది. దీనికి తోడు బీపీకి టెల్మిసార్టన్ లాంటి గోలీ, దాంట్లనే మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉంటే, ఈ మూడూ కలిసినప్పుడు కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చని డాక్టర్లు ప్రత్యేకంగ హెచ్చరించే జోడింపు అది. బీపీ గోలీ సర్కారు దవాఖానల, నొప్పి గోలీ ఊరి షాపుల తీసుకుంటే రెండూ కలిసిన సంగతి చూసేటోళ్లే ఉండరు.

డైక్లోఫెనాక్ కిడ్నీని ఏం చేయగలదో చూపించిన పెద్ద ఉదాహరణ మనుషుల్లో కాదు, రాబందుల్లో. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి పోయి కిడ్నీలు చెడగొట్టి చంపుతున్నదని 2004లో తేలింది, కొన్ని జాతుల రాబందులు దేశంలో 95 శాతానికి పైగ అంతరించినయ్, 2006లో పశువుల వాడకానికి నిషేధం వచ్చింది. మనిషి ఒళ్లు రాబంది ఒళ్లంత సున్నితం కాదు, ఆ మందును చాలా వేగంగ బయటికి పంపగలదు, అయినా దాని గురి ఏ అవయవం మీదనో ఇది చెప్తది.

నల్లగొండకు ఇంకో లెక్క ఉన్నది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు గ్రానైట్ రాళ్లల్లోంచి బోరు నీళ్లకు ఎక్కే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి తరాల పాటు ఒంట్ల చేరింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు నిలిచిపోయింది. ఫ్లోరైడ్ ఎముక పదార్థంలోనే కలిసిపోయి దాన్ని గట్టిగ పెళుసుగ చేస్తది, కీళ్ల చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లు సున్నం పట్టినట్టు గట్టిపడతయ్, మెడ తిరగదు, నడుము వంగదు. ఇక్కడ నొప్పికి మూలం కాక్స్ ఎంజైమ్ కాదు, మారిపోయిన ఎముక ఆకారం. పైన ఎన్ని ట్యూబులు రాసినా అంత లోతుకు పోదు, పోయినా ఆ ఎముకను మార్చలేదు. మొదటి దశలో ఈ జబ్బు మామూలు కీళ్ల నొప్పి లెక్కనే ఉంటది కాబట్టి ఏళ్ల తరబడి నొప్పి గోలీలతోనే నెట్టుకొచ్చినోళ్లు ఎక్కువ.

ఇక్కడే ఒక చెడ్డ ముడి ఉన్నది. ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి మూత్రమే. కిడ్నీ పని తగ్గితే ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ ఎముకలో మిగులుతది. ఫ్లోరైడ్ నొప్పికి రోజూ గోలీ మింగినోళ్లకు కిడ్నీ దెబ్బతింటే, నొప్పికి కారణమైన దాన్నే లోపల ఆపుకున్నట్టు అయితది. కృష్ణా నీళ్లు, తర్వాత మిషన్ భగీరథ నల్లాలు వచ్చినంక కొత్తగ లోపలికి పోయేది తగ్గింది, పాతది మాత్రం ఎముకలోంచి ఏళ్ల మీద గాని కదలదు, కాబట్టి ఆ తరం వాళ్లకు కిడ్నీని కాపాడుకునుడు నొప్పి వైద్యంలో భాగమే. వాళ్లకు మోకాలు, వేళ్లు లాంటి పై కీళ్ల నొప్పి వరకు జెల్లు, మిగతాదానికి డాక్టరు చూసి చెప్పిన మందు అనే పద్ధతి గోలీల పట్టీ కంటే చాలా మెరుగు.

జెల్లు పడనోళ్లు కూడ ఉన్నరు

ఆస్పిరిన్, నొప్పి గోలీలతో ఆయాసం లేచే ఉబ్బసం రోగులకు జెల్లు కూడ పడకపోవచ్చు. గర్భిణులు 20 వారాల తర్వాత నొప్పి గోలీలు డాక్టరు చెప్పకుండ మింగొద్దు, జెల్లు కూడ అడిగే రాయాలె. పుండు, గీరుకుపోయిన చోటు, తామర ఉన్న తోలు మీద రాస్తే గోడ లేని చోట రాసినట్టే, మందు ఎక్కువ లోపలికి పోతది. కిడ్నీ జబ్బు ముదిరినోళ్లకు ఆ 6 శాతం కూడ లెక్కే. కీటోప్రొఫెన్ జెల్లు రాసి ఎండలకు పోతే ఆ చోట బొబ్బలు లేస్తయ్, ఆపేసిన తర్వాత కూడ రెండు వారాలు ఆ చోటును ఎండకు కప్పి ఉంచాలె. పొలం పని చేసేటోళ్లకు ఈ ఒక్క కారణంతో డైక్లోఫెనాక్ నయం. గోలీ మింగుకుంట జెల్లు కూడ రాసుడు వల్ల లాభం పెద్దగ పెరగదు, ముప్పులు మాత్రం కూడుకుంటయ్.

కీలు ఎర్రబడి ఉబ్బి జ్వరం వస్తే, దెబ్బ తగిలినంక కాలు కింద మోపలేకపోతే, నడుం నొప్పితో కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం మీద పట్టు తప్పితే ట్యూబు కాదు దవాఖాన. పొద్దున లేవంగనే రెండు చేతుల వేళ్లూ గంట దాకా బిగుసుకపోయి ఉంటే అది కీళ్లవాతం కావొచ్చు, దానికి మందులు వేరు, ఆలస్యం చేసిన కొద్దీ కీలు పాడవుతది.

మోకాలి అరుగుదలలో జెల్లుకు సరైన చోటు ఏందంటే నొప్పిని కొంత దించి మనిషి తొడ కండను పనిచేయించేటట్టు చేసుడు. ఆ కండ వ్యాయామాన్నే మార్గదర్శకాలన్నీ మందు కంటే ముందు రాస్తయ్. కుర్చీల కూసొని ఒక కాలు ముందుకు చాపి మోకాలు నిటారుగ చేసి అయిదు లెక్కపెట్టి దించుడు, ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున సాయంత్రం. రాసిన జెల్లు ఆరనిచ్చే ఆ పది నిమిషాల్లనే అయిపోతది.